తల్లిలేని అడవిపిల్లలు

వేసవి సెలవులలో పిల్లలను దగ్గఱ కూర్చుండబెట్టుకొని చూడదగిన చలనచిత్రము ఏదైన నున్నచో తెలుపవలసినదని మా పాఠకురాండ్రలో కొందఱు సోదరీమణులు కోరుచున్నారు. కోరిక చిన్నదే గాని తీర్చుట సులభము కాదు. ఇప్పటి చిత్రములలో పెద్దలు మెచ్చునవి పిల్లలకు పనికిరావు. పిల్లలకని తీసినవి పెద్దలకు నిద్ర తెప్పించును. తల్లియు, అత్తగారును, ఆఱేండ్ల బిడ్డయు ఒక్క చాపమీద కూర్చుండి చూచి, ముగ్గురును మూడు విధములుగ సంతోషింపదగినది మిక్కిలి అరుదు. అట్టి అరుదైన వానిలో ఒకదానిని గూర్చి ఈ మాసమున ముచ్చటింపదలచితిమి.

దాని పేరు ‘బార్న్ టు బి వైల్డ్’. అడవిలో స్వేచ్ఛగ బ్రదుకుటకు పుట్టినవి అని మనము చెప్పుకొనవచ్చును. ఇది కల్పితకథ కాదు. జరిగినది జరిగినట్లు చూపు వాస్తవచిత్రము. 2011వ సంవత్సరమున అమెరికాలో విడుదలయ్యెను. డేవిడ్ లిక్లీ దర్శకుడు. తెఱవెనుకనుండి కథ చెప్పు గంభీరకంఠము మోర్గన్ ఫ్రీమన్ అను సుప్రసిద్ధనటునిది. నిడివి సుమారు 40 నిమిషములు మాత్రమే. కండ్లకు అద్దములు పెట్టుకొని చూచినచో బొమ్మలు మన మీదికి వచ్చునట్లు తోచు ఐమాక్స్ పద్ధతిలో దీనిని తీసిరి. ఇంటియందు చూచువారికి ఆ వింత లేకున్నను కథకు లోటు లేదు. ఇందలి నాయకులు తల్లులను కోల్పోయిన ఏనుగు గున్నలును, ఒరాంగుటాన్ అను గొప్పవానరముల పిల్లలును. వానిని పెంచు స్త్రీలు ఇరువురు. ఒకరు ఆఫ్రికాఖండమున కెన్యాదేశములో, మఱియొకరు ఇండొనీసియాకు చెందిన బోర్నియో ద్వీపభాగమున.

కెన్యాకు రాజధాని నైరోబీ. ఆ నగరమునకు ఆనుకొనియే యొక జాతీయవనము కలదు. నగరపు మేడలు కనుచూపుమేరలో నుండగనే అచ్చట సింహములు తిరుగును. ఆ వనములో ఏనుగుబిడ్డల పెంపకశాల యున్నది. వేళ కాగానే చిన్నవి పెద్దవి గున్నలు చెవులు విసరికొనుచు ఎఱ్ఱమట్టిదారిని పరుగెత్తుకొని వచ్చును. ఆకుపచ్చ అంగీలు తొడిగిన పోషకులు పెద్ద పెద్ద పాలసీసాలు చేత పట్టుకొని నిలుచుందురు. తన సీసా ముగించిన గున్న ప్రక్కదాని సీసాకై తొండము చాచును. బడినుండి వచ్చిన పిల్లలు వంటయింటిలో చొరబడినట్లే యుండును.

ఈ కోలాహలమునందు మా దృష్టిని ఆకర్షించినది ఒక కంబళి. గున్న తల్లిపాలు కుడుచునప్పుడు తొండమును తల్లి కడుపునకు ఆనించి కుడుచునట. ఆ స్పర్శ లేనిచో దానికి పాలు సయింపవు. కావున పోషకులు కంబళిని వ్రేలాడగట్టి, దాని చాటున సీసా పట్టుదురు. గున్న తొండమును ఆ కంబళికి ఆనించి, కన్నులు అరమోడ్చి, తల్లి ప్రక్కనే యున్నట్లు భ్రమసి త్రాగును. అడవిలో పసిగున్న తల్లి కడుపు క్రింది నీడలో నడచును. ఆ నీడ లేనిదాని చెవులు ఎండకు పొక్కును. అందుచే చెవులకు లేపనము పూయుదురు, గొడుగు పట్టుదురు. రాత్రివేళ ప్రతి పసిగున్న కొట్టమునందును ఒక మంచె యుండును; దానిమీద పోషకుడు పండుకొనును. మూడు గంటలకొకమాఱు లేచి పాలు పట్టవలెను. అతడు గాఢముగ నిద్రపోయినచో గున్న తొండము చాచి అతని దుప్పటిని లాగివేయును.

ఇట్లు రాత్రింబవళ్ళు సాకువారందఱును పురుషులే. రాత్రి మూడుమాఱులు లేచి బిడ్డకు పాలు పట్టుట యెట్టిదో తెలియగోరు గృహస్థులకు ఈ భాగమును ప్రత్యేకముగ చూపవలసినదని మా మనవి.

ఏనుగు గర్భమును మోయునది సుమారు 22 నెలలు. పుట్టిన బిడ్డ తూగునది నూఱు కిలోగ్రాముల వఱకు. అంత దేహముండియు, మొదటి రెండేండ్లు పాలులేక బ్రదుకజాలదు. తొండము వాడుకొనుట కూడ దానికి తెలియదు. నెలల తరబడి నేర్చుకొనవలెను. ఏనుగుల మందయన స్త్రీల కుటుంబము. పెద్ద ముత్తైదువ వంటి యొక ఆడయేనుగు ముందు నడచును. వెనుక ఆమె కూతుండ్రు, అక్కచెల్లెండ్రు, మనుమరాండ్రు. మగబిడ్డలు యౌవనము రాగానే మందను విడిచిపోవుదురు. కనుక గున్నకు అమ్మమ్మయు, పెద్దమ్మలును, పిన్నులును, అక్కలునే గాని మేనత్త చేరువ లేదు. బిడ్డ బురదలో జాఱినచో ఒక్క తల్లి కాదు, నలుగురు కలిసి లేవనెత్తుదురు. ఇట్టి యింటినుండి విడివడిన బిడ్డను మనుష్యుడు పెంచబూనుట యెంతపనియో ఊహింపవచ్చును.

ఆ పనికి దారి చూపినది డేఫ్నీ షెల్డ్రిక్ అను వనిత. ఈమె 1934లో కెన్యాలోనే జన్మించెను. ఈమె భర్త డేవిడ్ షెల్డ్రిక్ సావో తూర్పువనమునకు మొదటి వనాధికారి. తల్లులను పోగొట్టుకొన్న జంతువుల పిల్లలు వారి యింటికి చేరుచుండెడివి. కొంత పెద్దవైన గున్నలు బ్రదికెడివి; పాలు తప్ప మఱేమియు నెఱుగని పసిగున్నలు మాత్రము దక్కెడివి కావు. ఆవుపాలలోని వెన్న వానికి జీర్ణము కాదు. కడుపు చెడి, కొన్ని దినములలోనే చేతులలో చనిపోయెడివి. డేఫ్నీ సంవత్సరముల తరబడి పాలలో నీరు కలిపియు, వెన్న తీసియు, ఇతరద్రవ్యములు చేర్చియు ప్రయత్నించెను. తుదకు మానవశిశువులకై డబ్బాలలో అమ్ము పాలపొడి యొకటి పనిచేసెను. అందు వెన్నకు మారుగ కొబ్బరినూనె కలిసియుండెను. ఏనుగుపాలలోని క్రొవ్వునకు దగ్గఱగ నున్నది కొబ్బరియేనని అప్పుడు తెలిసెను. నేటివఱకు అచ్చటి పాలసీసాలలోని రహస్యము ఇదియే.

అయితే పాలు కుదిరినంతమాత్రమున పెంపకము కుదురలేదు. ఈ చిత్రము చూచుటకు ముందు మా సోదరీమణులు తెలిసికొనవలసిన కథ యొకటి కలదు. డేఫ్నీ దానిని తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నది.

1974లో అయిషా అను పేరుగల పసిగున్న ఆమె చేతికి వచ్చెను. క్రొత్త పాలతో అది బ్రదికెను. ఆమె వంటయింటికి పోయిన వంటయింటి గుమ్మము వద్దను, తోటలోనికి పోయిన తోటలోను వెంట నుండెడిది. కొన్ని నెలలు ఇట్లు గడచెను. అంతలో డేఫ్నీ పెద్దకూతురి వివాహము వచ్చెను. తల్లి లేక కూతురి పెండ్లి జరుగునా? అయిషాను నమ్మకమైన వారికి అప్పగించి, పాలవేళలు చెప్పి, డేఫ్నీ పెండ్లికి పోయెను. పాలు అవియే, కొలత అదియే, వేళలు అవియే. అయిషా మాత్రము ముట్టలేదు. ఒకమాఱు తల్లిని పోగొట్టుకొన్న బిడ్డకు తల్లి మరల పోయినట్లు తోచినది. అది నీరసించి నీరసించి ప్రాణము విడిచెను.

ఆదరణలేక చచ్చిన అనాథలను గూర్చి మనము తఱచుగ వినుచుందుము. ఆదరణయంతయు ఒక్కరియందే ముడివడినందున చచ్చిన బిడ్డ ఇది. మాకు వెంటనే కణ్వాశ్రమము జ్ఞప్తికి వచ్చినది. శకుంతల అత్తవారింటికి బయలుదేరునప్పుడు వెనుకనుండి చీరచెఱగు పట్టిలాగిన జింకపిల్లను ఎఱుగనివారెవరు? తల్లిలేని దానిని ఆమె చేతులార మేపి పెంచినది. ఇకమీద నాయనగారు నిన్ను చూచుకొందురని చెప్పి కన్నీరు తుడుచుకొని పోయినది. ఆ పిల్ల మఱునాడు మేత ముట్టెనో లేదో కాళిదాసు చెప్పలేదు. ఆ ప్రశ్న ఆయనకు కలిగియుండదు. అయిషా తరువాత డేఫ్నీకి మఱియొక ప్రశ్న లేకపోయినది.

ఆ దుఃఖమునుండియే పెంపకశాల నియమమొకటి పుట్టెను. ఏ గున్నయు ఏ యొక్క మనుష్యునికిని బిడ్డ కారాదు. నేటి రాత్రి ఈ కొట్టమున పండుకొన్న పోషకుడు రేపటిరాత్రి వేఱొక కొట్టమునకు పోవును. అన్ని గున్నలకును అందఱు పోషకులును కావలసినవారే. ఒకడు సెలవుమీద ఇంటికి పోయినను, జబ్బుపడినను, గున్న బెంగగొనదు. ఆలోచించి చూడగ ఇది క్రొత్త పద్ధతి కాదు. ఏనుగుల మందలో జరుగునదియు, మన ఉమ్మడికుటుంబములలో నిన్న మొన్నటి వఱకు జరిగినదియు ఇదియే. పిన్ని స్నానము చేయించును, నాయనమ్మ అన్నము పెట్టును, మేనత్త జోల పాడును. తల్లి పురిటికి పుట్టింటికి పోయినను పెద్దబిడ్డ ఏడ్చి ఏడ్చి మానుకొనును గాని మంచము పట్టదు.

గున్నకు సుమారు మూడేండ్లు నిండునప్పటికి నైరోబీ విడిచి సావో వనములకు చేర్తురు. తూర్పు పడమర వనములు రెండును కలిపి సావో 20,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన మహారణ్యము. అచ్చట పగలు పోషకులతో కూడ మేతకు పోవును, రాత్రి కంచెలోనికి మరలివచ్చును. నీటిగుంటలవద్ద అడవియేనుగులు కలిసికొనును. ఒకనాడు ఒక గున్న వానితో పోయి చీకటిపడి తిరిగివచ్చును, మఱియొకనాడు రెండు దినములకు వచ్చును, ఒకప్పుడు రాదు. ఎప్పుడు పోవలెనో ఎవరును నిర్ణయింపరు. గున్నయే నిర్ణయించుకొనును. కొన్నింటికి ఇందులకు ఎన్నియో సంవత్సరములు పట్టును. ఈ విధముగ పెంచబడిన గున్నలు నేటికి 300లకు పైబడినవి.

పోయినవి మఱచిపోవునా? మఱువవు. అడవిలో జతకూడి బిడ్డను కనిన పెంపుడుబిడ్డలు కొన్ని, ఆ బిడ్డను వెంటబెట్టుకొని కంచెవద్దకు వచ్చి పోషకులకు చూపి పోయిన సందర్భములు పెక్కులు కలవు. పురుడు వెళ్ళిన ఆడపడుచు పుట్టినింటికి వచ్చినట్లే. వేటగాండ్ర బాణము తగిలినప్పుడు, ఉచ్చు కాలికి బిగిసినప్పుడు, మందుకై నడచివచ్చినవియు కలవు. 

డేఫ్నీకి భర్త 1977లో గుండెజబ్బుచే మరణించెను. ఆమె ఆయన పేరిట ధర్మసంస్థ నెలకొల్పి నలువదియేండ్లు నడపి, 2018లో తాను కన్నుమూసెను. 2006లో బ్రిటిషు రాణి ఆమెకు ‘డేమ్’ బిరుదమొసంగెను. ఇప్పుడు ఆ భారము ఆమె కూతురు ఏంజెలా వహించుచున్నది. చిత్రములో మనకు కనబడు తెల్లనిజుట్టు పెద్దమ్మ ఈ డేఫ్నీయే. ఆమె గున్నలను ముద్దాడుచుండగ చూచి మురియువారు, ఆ చేతులలో ఎన్ని చనిపోయెనో కూడ తలచుకొనవలెను.

చిత్రములో ఎఱ్ఱమట్టినేల వెంట పచ్చని చిత్తడియడవి వచ్చును. ఇది బోర్నియోలోని తంజుంగ్ పుటింగ్. ఇచ్చటి గృహిణి బిరూటే గాల్డికాస్. లిథువేనియా దంపతులకు 1946లో జర్మనీలో పుట్టి, కెనడాలో పెరిగి, చదువుకొని, 1971లో భర్తతో ఈ యడవికి వచ్చెను. ఆమె వచ్చినది పెంచుటకు కాదు, ఒరాంగుటాన్ల నడవడిని పరిశీలించి వ్రాసికొనుటకు. లూయీ లీకీ అను పండితుడు ముగ్గురు యువతులను మూడు జాతుల వానరములను పరిశీలించుటకు పంపెను. చింపాంజీలకు జేన్ గుడాల్, గొరిల్లాలకు డయాన్ ఫాసీ, ఒరాంగుటాన్లకు ఈమె. ఫాసీ 1985లో తన కుటీరముననే హత్య గావింపబడెను. గుడాల్ 2025లో 91వ యేట కీర్తిశేషురాలయ్యెను.

ఒరాంగుటాన్ అనగా మలయభాషలో వనమానుషుడు. ఈ జాతి తల్లి యొకబిడ్డను కనిన తరువాత మఱియొక బిడ్డను కనుటకు ఏడెనిమిదేండ్లు పట్టును. అంతకాలము బిడ్డ ఆమెవెంట నుండి, ఏ చెట్టు ఏ ఋతువున కాచును, ఏ కాయ తినదగినది, సాయంకాలము కొమ్మలు వంచి రాత్రికి గూడు ఎట్లు కట్టుకొనవలెను అను విద్యలు నేర్చును. మొదటి సంవత్సరములలో బిడ్డ తల్లి దేహమును పట్టుకొన్న పట్టు విడువదు. కావున బిడ్డను సంతలో అమ్ముకొనదలచినవానికి ఒక్కటే మార్గము: తల్లిని చంపుట. పంజరములో ముద్దుగ కనిపించు ప్రతి ఒరాంగుటాన్ పిల్ల వెనుకను ఒక తల్లి శవమున్నదని తెలియదగును.

గాల్డికాస్ చేతికి వచ్చిన మొదటి అనాథ పేరు సుగితో. అది ఆమెను తల్లియని పట్టుకొనెను. స్నానము చేయుటకుగాని, బట్టలు మార్చుకొనుటకుగాని విడువలేదు. తరువాత వందలకొలది వచ్చెను. 1976లో ఆమెకు స్వంతకొమరుడు బింటి పుట్టెను. ఆ పసివానికి ఆటతోడు ఒరాంగుటాన్ పిల్లలే. ఆ బాలుని చిత్రము 1980లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికముఖమున వెలువడి లోకమెల్ల ప్రసిద్ధమయ్యెను. చూచినవారు ముచ్చటపడిరి. తల్లి మాత్రము తన బిడ్డ చేష్టలందును కూతలందును వానరములను అనుకరించుట గమనించి కలతపడెను. దంపతులు విడిపోయిరి, బాలుడు తండ్రివద్ద పెరుగుటకు ఉత్తర అమెరికా చేరెను. ఆమె అడవిలోనే యుండి, అచ్చటి దయాక్ జాతీయుని వివాహమాడెను. ఆమెది తప్పో ఒప్పో తీర్పుచెప్పుట మా పని కాదు. పరులబిడ్డల కొఱకు ఒక తల్లి ఎంత చెల్లించునో ఆ బొమ్మ వెనుక వ్రాసియుండదు.

పెరిగిన పిల్లలను తిరిగి అడవిలో విడుచు ఘట్టము చిత్రమునందు రమ్యముగ నున్నది. ఇచ్చటనే మాకు ఒక అసంతృప్తి కలదు. పిల్లలు చూచునది కదా యని చిత్రకర్తలు తల్లుల మరణమును గూర్చి నోరు మెదపినది స్వల్పము. అనాథను చూపి అనాథ యెట్లయ్యెనో చెప్పకున్నచో ఆఱేండ్ల బిడ్డయైనను ఊరుకొనదు. వీని అమ్మ యేదియని అడిగితీరును. ఆ ప్రశ్నకు ప్రక్కన కూర్చున్న తల్లి సిద్ధముగ నుండవలెను.

ఏనుగుతల్లులలో చాలమంది దంతములకై చంపబడినవారు. 1989లో పెక్కు దేశములు కలిసి అంతర్జాతీయ దంతవ్యాపారమును నిషేధింప నిశ్చయించెను. మన దేశపు శాసనమును నిషేధించినది. అయినను దొంగచాటు వేట సమసిపోలేదు. కొన్ని తల్లులు కఱవునకును, కొన్ని పొలముల తగవులకును బలియగును. కొన్ని గున్నలు పశువులకై త్రవ్విన బావులలో పడి మందకు దూరమగును. మన యమ్మమ్మల పెట్టెలలో దంతపు దువ్వెనయో కుంకుమభరిణయో యుండవచ్చును. అప్పటివారు దోషమెఱుగక కొన్నారు. ఇప్పుడు క్రొత్తది ఎవరైన ఆశచూపినచో కొనువారికి ఎఱుగమని చెప్పు వీలులేదు.

ఒరాంగుటాన్ల మాట మన వంటయింటికి ఇంకను దగ్గఱ. వాని యడవులు నఱకి నాటిన తోటలలో ముఖ్యమైనది పామాయిలు తోట. ఆ నూనెను పరదేశములనుండి అందఱికంటె ఎక్కువగ కొనునది భారతదేశమే. అందు పెద్దభాగము ఇండొనీసియా, మలేషియాలనుండియే వచ్చును. ఒకప్పుడు రేషను దుకాణమున పామోలిన్ కొఱకు వరుసలో నిలువని మధ్యతరగతి గృహిణి మన ఆంధ్రదేశమున అరుదుగ నుండెడిది. బిస్కత్తులలోను, సబ్బులలోను, అంగడి మిఠాయిలలోను పేరు చెప్పక కలిసియుండునదియు అదియే. అట్లని ఆ నూనెను విషమువలె చూడవలసినదని మేము చెప్పము. ఎకరమునకు అంత నూనె నిచ్చు పంట మఱియొకటి లేదు. ఏలూరు ప్రాంతమునను, తెలంగాణమునను మన రైతులు పండించు తోటలక్రింద ఏ ఒరాంగుటాన్ గూడును లేదు. దోషము గింజయందు కాదు, నిలువుటడవిని కూల్చి నాటుటయందున్నది. కొనునప్పుడు ఎచ్చటిదని అడుగు అలవాటు మనకు బియ్యము విషయమున కలదు, చింతపండు విషయమున కలదు; నూనె విషయమున లేదు.

కెన్యా దూరము, బోర్నియో దూరము. మన యడవులలో ఇట్టివి జరుగవా? 2023 మార్చిలో నంద్యాల జిల్లాలోని పెద్దగుమ్మడాపురము గ్రామసమీపమున నాలుగు పులికూనలు దొరికెను. గ్రామస్థులు కుక్కలపాలు కానీయక వానిని ఒక గదిలో భద్రపఱచి అటవీశాఖవారికి తెలిపిరి. ఇచ్చట తల్లి చావలేదు, ఎడబాసినది. అధికారులు దాని అడుగుజాడలు వెదకి, కూనలను దానితో కలుపవలెనని ప్రయత్నించిరి. తల్లి రాలేదు. తుదకు నాలుగింటిని తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. గున్నకు మేత చూపవచ్చును. ఒరాంగుటాన్‌కు చెట్టెక్కుట నేర్పవచ్చును. పులికూనకు వేట నేర్పగల పోషకుడు ఎచ్చట దొరకును?

పొలములకు, అడవియంచు ఊళ్ళకు పోవు మా సోదరీమణులు ఒక్కటి గుర్తుంచుకొనవలెను. గడ్డిలో ఒంటరిగ పండుకొనియున్న జింకపిల్ల అనాథ కాదు. మేతకు పోవు తల్లి దానిని కావలెననియే అచ్చట దాచిపోవును. కుందేటిపిల్లల సంగతియు అంతే. మహారాష్ట్రములో చెఱకుతోటలు కోయునప్పుడు చిఱుతపిల్లలు తఱచుగ బయటపడును. వానిని దొరికినచోటనే పెట్టెలో నుంచి దూరముగ కనిపెట్టియుండగ, రాత్రి తల్లివచ్చి నోట కఱచుకొని పోయిన సందర్భములు పెక్కులు. మనుష్యుని చేయి సోకినంతమాత్రమున తల్లి బిడ్డను విడనాడునను మాట నమ్మదగినది కాదు. జాలిపడి ఇంటికి తెచ్చువారే పెక్కు పిల్లలను అనాథలను చేయుచున్నారు. పైగా అడవిజంతువును ఇంట పెంచుట 1972 నాటి శాసనము ననుసరించి నేరము. పంజరములోని రామచిలుకకును ఇది వర్తించును.

భాగవతములో భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను రక్షించెను. రక్షించుట పుణ్యము. అది ఎచ్చట మేయుచున్నదో, ఎవరేమి చేసిరోయని తపమును మఱచి, దానిని తలచుచు మరణించి, తానే లేడియై పుట్టెను. మన పెద్దలు దీనిని భరతునికి కలిగిన నష్టముగ చెప్పుదురు. ఆ లేడిపిల్ల గతి యేమయ్యెనని అడిగినవారిని మేమెఱుగము.

అడవిబిడ్డల పెంపకమును మన దేశముననే చూడగోరువారికి మఱియొక చిత్రము కలదు. ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ అని పేరు. కార్తికి గొన్సాల్వెజ్ అను యువతి తీసినది. 2022లో వెలువడి, 2023లో ఆస్కారు బహుమానము నందెను. ఇదియు 40 నిమిషములదే. నీలగిరులలో ముదుమలై అడవియందలి తెప్పక్కాడు ఏనుగుల శిబిరము దీని రంగస్థలము. విద్యుత్తీగ తాకి తల్లి చనిపోగా మిగిలిన రఘు అను గున్నను బొమ్మన్, బెళ్ళి అను వనవాసులు పెంచుట కథ. బెళ్ళి మొదటిభర్తను పులి చంపినది, కన్నకూతురును పోయినది. బొమ్మన్‌తో కలిసి రఘుకు స్నానము చేయించుటలోను, ముద్దలు పెట్టుటలోను ఆమె కడుపుకోత కొంత తీరినది. తరువాత అమ్ము అను మఱియొక పసిగున్న వచ్చినది. ఇరువురు బిడ్డలతో ఆ దంపతులు నిండు సంసారమువలె నుందురు.

‘బార్న్ టు బి వైల్డ్’ చూచినవారికి ఇందు ఒక భేదము వెంటనే తోచును. సావోలో గున్న పెరిగి అడవికి పోవును. తెప్పక్కాడులో గున్న పెరిగి శిబిరపుటేనుగు అగును. అట్టివానిలో కొన్ని కుంకీలై, పొలములపై పడు అడవియేనుగులను మరల్చుటకు ఉపయోగపడును. మన చిత్తూరు సీమలో ఆ పనికై 2025లో కర్ణాటకమునుండి కుంకీలను తెచ్చుకొంటిమి. రఘు యెదుగగనే అధికారులు వానిని వేఱొక మావటివానికి అప్పగించిరి. రఘు మీదనే ప్రాణములు పెట్టుకొన్న దంపతులు, తోడు కోల్పోయిన అమ్ము, ఒకరినొకరు ఓదార్చుకొను ఘట్టము పెద్దలకును కన్నీరు తెప్పించును. నైరోబీలో రాత్రికొకడు మాఱునదేలయో ఇది చూచినవారికి మఱి చెప్పనక్కఱలేదు. అయినను, ఆ నియమమునకు లోబడియుండినచో బెళ్ళికి రఘు దక్కెడివాడు కాడు, రఘుకు బెళ్ళియు దక్కెడిది కాదు.

బహుమానము వచ్చిన 2023 మార్చిలోనే ధర్మపురి ప్రాంతమున బావిలో పడిన పసిగున్న నొకదానిని తెచ్చి ఈ దంపతులకే అప్పగించిరి. విరేచనములు పట్టుకొని ఆ నెలాఖరులోగానే అది చనిపోయెను. లోకమంతయు పొగడిన చేతులు అవియే. డేఫ్నీ చేతులవలెనే అవియు రిక్తములయ్యెను. ఆ సంవత్సరమే తమిళనాడు ప్రభుత్వము బెళ్ళిని తెప్పక్కాడులో ఏనుగుల పోషకురాలిగ నియమించెను. ఆ రాష్ట్రమున ఆ యుద్యోగము నందిన మొదటి స్త్రీ ఆమెయే.